తీపి మిగిలిన కుండ

ఓబళప్ప నాలుక మీద ఆయన కోడలు నాగరత్నకున్న ఫిర్యాదులన్నీ రాస్తూ పోతే ఈ వారం పత్రికలో వంటల శీర్షికకు కూడా చోటు మిగలదు. అందుకని ముఖ్యమైనవి చాలు.

పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ నాలుక ఆమె చేసిన సారును ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఉప్పు ఒక రవ్వ తక్కువంటుంది. చింతపండు పాతదంటుంది. ధనియాలు దించాల్సిన దానికంటే రెప్పపాటు ఆలస్యంగా దించావంటుంది. అవన్నీ నిజాలే కావడం మరీ కష్టం. పాలలో నీళ్లు కలిశాయని ఎవరైనా చెబుతారు, ఏ బావి నీళ్లు కలిశాయో చెప్పే నాలుక అది. ఏళ్ల తరబడి నూలుకు నీలం అద్దే కాగు నీళ్లు రుచి చూసి చూసి దాని అంచులు మబ్బురంగుకు తిరిగాయి. తిట్టేటప్పుడు ఆ మబ్బు ఇంట్లోవాళ్లకు బాగా కనిపిస్తుంది. మెచ్చుకునేటప్పుడు ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. మెచ్చుకోవడం అనే పని అది ఎదురింటివాళ్ల కోసం దాచిపెట్టుకుంది.

ఎదురింట్లో భాగీరథమ్మ ఇడ్లీలు వండి అమ్ముకునేది. భర్త పోయిన మనిషి, ఆమెకున్న ఆస్తి ఒక రుబ్బురోలు. పొద్దున్నే ఆమె ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుని ఓబళప్ప కళ్లు మూసుకుని, "ఇడ్లీ అంటే ఇదప్పా" అనేవాడు. అప్పుడు లోపల ఆయన భార్య పిల్లమ్మ చేతిలో గరిటె కాస్త గట్టిగా చప్పుడు చేసేది. అంతే. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ విషయంలో ఆమె తరఫున మాట్లాడింది ఆ గరిటె ఒక్కటే.

అంత పేరున్న నాలుక తప్పు చెప్పింది. ఆ తప్పు ఇప్పుడు వీధి దాటి, భాగీరథమ్మ గడప దాకా పోయి కూర్చుంది.

కిందటి వారం పత్రికను పక్కింటివాళ్లు తీసుకుపోయి ఇంకా తిరిగివ్వని పాఠకుల కోసం జరిగింది క్లుప్తంగా చెప్పాలి. యుద్ధం వచ్చి జర్మనీ నుంచి డబ్బాల్లో దిగే రంగులు ఆగిపోయాయి. కబ్బన్‌పేట మగ్గాలకు నీలం కావాలంటే మళ్లీ తాతలనాటి పద్ధతే దిక్కయింది. ఓబళప్ప తన అద్దకం కొట్టంలో మెడదాకా భూమిలో పాతిన పెద్ద కాగును మళ్లీ నిలబెట్టాడు. అందులో నీలిమందు ముద్ద, సున్నపు తేట, ఉడికించిన తగిరిస గింజలు వేశాడు. ఆ పైన రోజూ కాసిన్ని బెల్లం నీళ్లు. కాగు బాగున్నప్పుడు పైన రాగిరంగు మీగడ కట్టి, కింద నీరు పచ్చగా ఉంటుంది. చిలప, అంటే నూలు కట్ట, ముంచి తీస్తే పచ్చగా వచ్చి, గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమవుతుంది. బాగలేనప్పుడు పైనా కిందా నీలమే, కాని నూలుకు పట్టదు. ఒక్క ఉతుకుతో నీళ్లలో పోతుంది.

నీలం పట్టడం మానేసింది. ఓబళప్ప వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నిన్న పోసిన తీపి ఇవాళ్టికి ఉండకూడదు. ఉండకపోతే కాగు తిన్నట్టు లెక్క. ఇప్పుడు తీపి పోసింది పోసినట్టే ఉంది. కాగు అన్నం ముందర పెట్టుకుని మొగం తిప్పుకుందనీ, అలిగిందనీ ఆయన తేల్చాడు. తిననిదానికి వడ్డించడం ఎందుకని గింజలు వేయడం కూడా ఆపేశాడు. అలకకు కారణం కోసం ఇల్లంతా వెదికి, కోడలు బయటున్న రోజుల్లో కొట్టం గడప తొక్కిందేమో అన్నారు. ఆమె తొక్కలేదు. ఆ విషయం ఎవరూ నమ్మలేదు.

అలిగిన కాగుకు ఆ ఇంట్లో ఒక మందుంది. కాగుకు అబద్ధం పెట్టాలి. ఇంటి ఆడమనిషి వీధిలోకి ఒక అబద్ధం వదలాలి. అది ఊరంతా తిరిగి, ఎవరి నోటనో నిజమై, మళ్లీ మన గడపకే రావాలి. వచ్చిన రోజు కాగు నవ్వుతుంది. రాకముందే చెప్పినవాళ్లు "ఉత్తిదే" అనేస్తే కాగు పగులుతుంది. ఓబళప్ప తల్లి తన కాలంలో అలసూరు చెరువులో మొసలి ఉందని చెప్పి కాగును నిలబెట్టిందట. ఆ మొసలిని కళ్లారా చూశామనే ముసలివాళ్లు కబ్బన్‌పేటలో ఇప్పటికీ ఉన్నారు.

పిల్లమ్మ మొసలి జోలికి పోలేదు. నీళ్ల కొళాయి దగ్గర బిందె పెట్టి, భాగీరథమ్మ ఇంట్లో ఎలుక రాలిందంట అంది.

ప్లేగు చూసిన ఊరికి ఆ మాటను విప్పి చెప్పక్కర్లేదు. కప్పు మీంచి చచ్చిన ఎలుక రాలితే, దాని తర్వాత రాలేది మనుషులు. మర్నాడు భాగీరథమ్మ ఇడ్లీలు పాత్రలోనే చల్లారాయి. ఆ మర్నాడు పాలమనిషి కూడా ఆమె గుమ్మం వైపు రాలేదు. మూడో కబురుగా శానిటరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసింది. ఇంటికి తాళం వేసి, పెంకులు ఊడదీసి, ఫినాయిలు కొట్టి, ఆమెను ఊరి బయట గుడిసెలకు పంపిస్తారు. ప్లేగు ఇల్లని ఒకసారి ముద్ర పడ్డాక, తిరిగొచ్చి ఎన్ని ఇడ్లీలు వండినా తినేదెవరు?

అదే రోజు నాగరత్న ఎవరూ చూడకుండా కాగులో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ముందు తీపి తగిలింది. తీపి వెనకాల, ఇత్తడి తాళంచెవిని నాకినట్టు ఒక చేదు. ఆ చేదు ఆమెకు కొత్త కాదు. దండు సామాన్ల గిడ్డంగిలో పనిచేసే బైరప్ప ఓబళప్పకు ఒక సీసా ఇచ్చినప్పటి నుంచి ఇంట్లో కాఫీ అలాగే ఉంటోంది. సీసాలో సాకరిన్ మాత్రలు. ఒక్క మాత్ర ఒక బెల్లం అచ్చుకు సాటి అని బైరప్ప చెప్పాడు.

ఆ సాయంత్రమే ఆమె రెండు చిన్న కుండల నిండా కాగు నీళ్లు తీసి, ఒకదాంట్లో దేవుడి గూట్లోని బెల్లమూ, రెండోదాంట్లో ఒక మాత్రా కరిగించి, మూతికి గుడ్డ కట్టి పొయ్యి పక్కన తవుడు బుట్టల చాటున పెట్టింది. కిందటి వారం మనం ఆమెను అక్కడే, గుడ్డ ముడి బిగిస్తూ ఉండగా వదిలి వచ్చాం.

ఇవాళ పొద్దున ముడి విప్పింది.

మొదటి కుండ మీద రాగి బిందె అడుగులా మెరిసే పలచటి పొర కట్టి ఉంది. దాని మీద నీలి నురగ. వాసన బాగలేదు, బాగున్న కాగు వాసన ఎప్పుడూ బాగుండదు. రెండో కుండ మీద ఏమీ లేదు. చాకలి నీలంమందు కలిపిన నీళ్లలా నిమ్మళంగా ఉంది.

ఆమె పొయ్యి ముందర కూలబడి ఆ పొరను వేలితో తాకి చూసింది. సంతోషపడాల్సిన మాటే. అయినా ఇది నిరూపించుకుని ఏం చేయాలి? తనే పోయి ఇన్‌స్పెక్టరుకు చెప్పవచ్చు. చెబితే అత్తను పోలీసులకు అప్పగించిన కోడలవుతుంది. పైగా కాగు పగిలితే ఆ పాపమూ ఆమెదే. అన్నిటికీ మించి, అత్త మీద కోడలు చెప్పే మాటను ఏ వీధి నమ్మింది గనక? భర్త వెంకటరమణకు రాత్రే చెప్పింది. విమానాల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసి వచ్చిన ఆ మనిషి, నాయనతో నువ్వే చెప్పు అని అటు తిరిగి పడుకున్నాడు. కాగు అలగడం కంటే ఈ అలవాటు పాతది. వదిలినవాళ్లే అబద్ధాన్ని వెనక్కి పిలవాలి. అందుకు ముందు మామ నమ్మాలి. ఆయన నమ్మేది ఈ లోకంలో ఒక్కదాన్నే, తన నాలుకను.

కుండలు రెండూ చేతుల్లో పట్టుకుని ఆమె కొట్టంలోకి నడిచింది. గడప ఈసారి చాటుగా కాక, మామ ఎదుటే తొక్కింది.

ఓబళప్ప కాగు పక్కన గొంతుకూర్చుని కట్టెతో కలుపుతున్నాడు. కోడలి పాదాలను చూసి, తర్వాత కుండలను చూసి, చివరికి మొహం చూశాడు.

"నా కాగు నీళ్లు ఎవురు తీసినారు?"

"నేనే మామా."

ఆయన కట్టె పక్కన పెట్టాడు. అరవలేదు. అరిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. అలిగిన కాగును ఆడమనిషి ముట్టుకుంటే ఏమవుతుందో, తన మేనత్త ఒకసారి ముట్టుకుంటే ఏమయిందో, చదువుకున్నదాన్ని కోడలిగా తెచ్చుకోవద్దని ఎవరెవరు చెప్పారో ఆయన నెమ్మదిగా, వరుసగా చెప్పుకొచ్చాడు. ఆమె వినింది. అయిపోయాక మొదటి కుండను ఆయన ముందు పెట్టింది.

"రుచి చూడండి మామా. ఆనక ఏమన్నా అనండి."

నాలుకకు పిలుపొస్తే ఆయన కాదనలేడు. వేలు ముంచి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు, ఇడ్లీకి మూసుకున్నట్టే.

"తీపి లే" అన్నాడు. వెంటనే కళ్లు తెరిచి కుండ మీది పొరను చూశాడు. "దీంట్లో ఏమేసినావు?"

"బెల్లం. ఉన్నింది, తినేసినాయి."

"ఎవురు?"

అక్కడే నాగరత్న తడబడింది. కాలేజీలో ఇంటర్ సైన్సు చదివేటప్పుడు గాజుపలక మీద మజ్జిగ చుక్క పెట్టి సూక్ష్మదర్శినిలో చూపించారు. చుక్కలో ఒక ఊరే కదులుతోంది. ఆ సూక్ష్మజీవులకు నోరు లేదు, పళ్లు లేవు, కడుపనేదీ వేరుగా లేదు. ఒంటి తోలుతోనే తాగుతాయి. ముద్ద పెద్దదైతే లోపలికి పోదు గనక, అరిగించే రసాన్ని ముందే బయటికి వదిలి, కరిగిందాన్ని పీల్చుకుంటాయి. అంటే, వంటా జీర్ణమూ వీధిలో కానిచ్చి, భోజనం మాత్రం ఇంట్లో చేస్తాయి. తిన్నది కొంత ఒంటికి బలమవుతుంది, కొంత కొత్త ఒంటికి పోతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. వాటికీ మనలాగే అన్నం చాలదు, పప్పు కావాలి, చిటికెడు ఉప్పు కావాలి. బెల్లం అన్నమైతే తగిరిస గింజ పప్పు. తిన్నాక పులుపు వదులుతాయి, ఆ పులుపును సున్నం విరుస్తుంది. ఓబళప్ప తాతలు ఏ సూక్ష్మదర్శినీ లేకుండా ఆ భోజనాన్ని సరిగ్గా వడ్డించారు. ఇదంతా మామకు ఏ మాటలతో చెప్పాలి?

"కంటికి కనపడని పురుగులు మామా" అంది.

"పురుగులా." ఆయన గొంతు ఇంకా తగ్గింది. "నా కాగులో పురుగులుండాయంటావు."

"ఉండబట్టే కదా నీలం పట్టేది. బెల్లం తిని ఆ బలంతో నీలాన్ని కరిగిస్తాయి. భాగీరథమ్మ పిండి పొంగేది అట్లాంటి వాటితోనే. మీరు అలిగిందంటారే, అది అలక కాదు మామా. ఆకలి."

"పోసినా కదమ్మా. రోజూ పోస్తనే ఉండా. తీపి తగులుతా ఉండె."

ఆమె రెండో కుండ ముందుకు జరిపింది. ఆయన రుచి చూశాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. వేలును అలాగే పెదాల దగ్గర ఉంచుకుని, కొట్టం గోడకేసి చూశాడు. గోడమీది గూట్లో, నీలిమందు ముద్దల వెనకాల, బైరప్ప ఇచ్చిన సీసా ఉంది. నాగరత్న అటు చూడలేదు. చూడకపోవడం ఆయన గమనించాడు.

బెల్లం ఎక్కడా దొరకలేదని, దొరికిన కాస్తా కోడలు కడుపుతో ఉన్నప్పుడు పెడదామని దాచమన్నాననీ, ఒక మాత్ర ఒక అచ్చుకు సాటి అని బైరప్ప ప్రమాణం చేశాడనీ ఆయన చెప్పాడు. తన బదులు బైరప్పనే దోషిగా నిలబెట్టినా, ఆ వాదన నోటినుంచి వచ్చేకొద్దీ ఆయనకే రుచించడం మానేసింది.

"నాలిక్కి తీపైతే కాగుకు తీపి కాదా?" అన్నాడు చివరికి. అడగడమా వాదించడమా తెలియలేదు.

"తీపే మామా. అయితే తిండి కాదు. ఆ మాత్ర మనకే అరగదు, లోపలికి పోయింది పోయినట్టే వస్తాదంట. వాటికేం అరుగుతాది? తినలేదని మీరు గింజలు గూడా ఆపేస్తిరి."

అంటే ఇన్నాళ్లుగా ఆయన కాగుకు పెళ్లిభోజనం వాసన చూపించి, విస్తరి ఎత్తేస్తూ వచ్చాడు. అది ఆమె అనలేదు. అనాల్సిన అవసరం కనిపించలేదు.

తెల్ల నూలు చిలప ఒకటి తీసి ఆమె మొదటి కుండలో ముంచింది. కాసేపు ఉంచి, పిండి, పైకెత్తి పట్టుకుంది. లేత అరిటాకు పచ్చ. కొట్టం కిటికీ నుంచి గాలి తగిలింది. పచ్చ అంచుల దగ్గర ముదిరింది, మధ్యకు పాకింది, నీలమైంది. ఓబళప్ప పుట్టినప్పటి నుంచి చూస్తున్న విచిత్రమే. అయినా ప్రతిసారీ చూసినట్టే ఊపిరి బిగబట్టి చూశాడు. లేచి చిలపను అందుకుని, తొట్టిలో నీళ్లు పోసి ఉతికాడు. నీళ్లు తెల్లగా ఉన్నాయి. నీలం కదల్లేదు.

అప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. అది నాగరత్న ఎదురుచూసిన వెలుగు కాదు.

"అబద్ధం పనిచేసుండాది" అన్నాడు. "ఊరు తిరిగొచ్చినట్టుంది. అందుకే నవ్వింది."

ఆమెకు ఒక్క క్షణం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండూ మింగింది.

"అట్లైతే ఈ రెండోది ఏంటికి నవ్వలే మామా? రెండూ ఒకే కాగు నీళ్లు. ఒకే పొయ్యి పక్కన ఉన్నాయి. రెండింటికీ ఒకే అబద్ధం పెట్టినాం. బెల్లం మాత్రమే వేరే."

ఓబళప్ప రెండు కుండల వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ చూపులో ఒక్కొక్కటే కూలుతున్నాయి. తల్లి, మొసలి, బైరప్ప, చివరికి నాలుక. మనిషికి కన్ను మోసం చేస్తే అద్దాలు పెట్టుకుంటాడు. నాలుక మోసం చేస్తే ఏం పెట్టుకుంటాడు? కోడలికి జాలి వేసింది. సారు గురించి ఆయన అన్న మాటలన్నీ ఆ క్షణంలో మాఫీ చేసేసింది. తర్వాత కొన్నింటిని తిరిగి తీసుకుంది, అది వేరే సంగతి.

"ఆయమ్మను ఇల్లు ఖాళీ చేయిస్తాండారు మామా. ఈపొద్దే."

ఆయన రెండో కుండను పక్కకు జరిపాడు. బయట వీధిలో ఇనుప బకెట్టు బండమీద పెట్టిన చప్పుడైంది. ఆ వెనకే పిల్లమ్మ కొట్టం వాకిట్లోకి వచ్చి నిలబడింది. కొంగు కొసను పిడికిట్లో చుట్టుకుని ఉంది. ఆమె మొహం చూస్తే ఎలుక ఈ ఇంట్లోనే రాలిందేమో అనిపిస్తుంది.

ఇన్‌స్పెక్టరు చెన్నరాయప్ప వచ్చాడని, వెంట ఒక పోలీసు కూడా ఉన్నాడని ఆమె చెప్పింది. ఎలుకను ముందు ఎవరు చూశారని ఇంటింటా అడుగుతున్నారట. యుద్ధకాలంలో పుకారు పుట్టించడం నేరమట, నిజమైతే ఇంటికి తాళం, అబద్ధమైతే పుట్టించినవాళ్లకు స్టేషను.

"నువ్వు బయటికి రావద్దు" అన్నాడు ఓబళప్ప భార్యతో. గోడకు తగిలించిన తలపాగా తీసి చుట్టుకున్నాడు. చేతులు నీలంగా ఉన్నాయి, తుడుచుకోలేదు. కాగును దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగి, దాని అంచును అరచేత్తో తాకాడు. ఇప్పుడు తను బయటికి పోయి చెప్పబోయే మాటతో అది పగులుతుందని ఆయన మనసులో ఒక మూల ఇంకా నమ్ముతూనే ఉంది. నమ్ముతూనే గడప దాటాడు. అంతకంటే పెద్ద ధైర్యాన్ని నాగరత్న ఆ ఇంట్లో చూడలేదు.

వీధిలో జనం దూరం దూరంగా, కొంగులూ పైపంచెలూ ముక్కులకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. భాగీరథమ్మ ఇంటి గోడకు నిచ్చెన వేసి ఉంది. కూలివాడు పైకెక్కి మొదటి పెంకు మీద చెయ్యి వేసి ఆగాడు. గుమ్మం ముందు ఫినాయిలు బకెట్టు. గుమ్మంలో భాగీరథమ్మ కాళ్లు చాపుకుని, ఒళ్లో ఇడ్లీపిండి తపేలా పెట్టుకుని కూర్చుంది. ఎవరూ కొనరని తెలిసీ రాత్రి రుబ్బింది. పిండికి ఆ సంగతి తెలియదు, తెల్లారేసరికి పొంగి అంచు దాటి ఆమె చీర మీదికి కారుతోంది.

"ఎలుక లేదప్పా, నా ఇంట్లో పిల్లి ఉండాది" అని ఆమె ఇన్‌స్పెక్టరుకు చెప్పి చూసింది. గొంతు బొంగురుపోయి ఉంది. "పిల్లినైనా అడుగు."

ఎవరూ నవ్వలేదు. పోలీసు మాత్రం అబద్ధాన్ని తోక పట్టుకుని వెనక్కి లాగుతూ వస్తున్నాడు. మూలింటి మారప్ప, కుండలంగడి దొడ్డప్ప చెప్పాడన్నాడు. దొడ్డప్ప తన చెల్లెలు చెప్పిందన్నాడు. చెల్లెలు జయమ్మ ముక్కుకు కట్టిన కొంగు కిందికి లాగి, చెయ్యి చాపి చూపించింది.

"ఓబళప్పన్న ఇంటోళ్లే చెప్పినారు. నిజంగానే రాలిందంట, వాళ్లకు ఎదురిల్లే కదా."

అలా ఆ అబద్ధం ఊరంతా తిరిగి, ఒకరి నోట నిజమై, పోలీసును వెంటబెట్టుకుని ఓబళప్ప గడపకే తిరిగి వచ్చింది. తాతలు చెప్పిన నియమం అక్షరాలా నెరవేరింది. ఈ పద్ధతిలో నెరవేరుతుందని తాతలు చెప్పలేదు.

ఓబళప్ప వీధి మధ్యకు నడిచాడు.

"నిచ్చెన దిగప్పా" అన్నాడు కూలివాడితో. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "ఎలుక లేదు. ఎప్పుడూ లేదు. నా కాగు కోసరం వదిలిన అబద్ధం అది. కాగుకు తిండి పెట్టకుండా అబద్ధం పెట్టినా."

చెన్నరాయప్పకు ఇందులో కాగు ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. ఆయన అర్థం కావాలని పట్టుబట్టే రకం కాదు. ఎలుక లేదన్న మాట చాలదనీ, అబద్ధమైతే పుట్టించిన మనిషి కావాలనీ, లేకపోతే తను ఇల్లు మూయక తప్పదనీ మెత్తగానే చెప్పాడు. పోలీసు ముందుకొచ్చాడు.

"చెప్పమనింది నువ్వేమో. చెప్పింది ఎవురు?"

"నేనే చెప్పినా."

వీధిలోని ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు కొళాయి దగ్గర బిందె పెట్టింది ఓబళప్ప కాదని వాళ్లందరికీ తెలుసు. నాగరత్న అరుగు మీద స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. పక్కన అత్త ఊపిరి వినిపిస్తోంది, పొంగు మీదున్న గిన్నె మూతలా.

భాగీరథమ్మ తపేలా పక్కన పెట్టలేదు. కూర్చున్నచోటి నుంచే ఓబళప్పను చూసింది. ఆమె కళ్లలో కోపం కూడా లేదు.

"నీ కాగు కోసరమే అనుకో" అంది. "అబద్ధమే కావాల్సుంటే ఊర్లో ఎన్ని లేవప్పా? మీ అమ్మ మొసలి చెప్పింది. ఎవురికీ ఏమీ కాలే. నా ఇల్లే ఏంటికి? రోజూ నా చేతి కూడు తింటివే. నేనేం చేసినా మీకు?"

ఓబళప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకో ఆయనకు నిజంగానే తెలియదు. అబద్ధం ఒకటి వదలమన్నాడు గాని, ఈ అబద్ధమే ఎందుకని ఎన్నడూ అడగలేదు. ధనియాలు రెప్పపాటు ఎక్కువ వేగితే పట్టుకునే ఆ మనిషి, ఇంట్లో ఇన్నేళ్లుగా మోగిన గరిటె చప్పుడును మాత్రం వినలేదు. నాగరత్న చప్పున పక్కకు తిరిగింది.

పక్కన అత్త లేదు.

పిల్లమ్మ అప్పటికే మెట్లు దిగి వీధిలో ఉంది. పిడికిట్లో చుట్టిన కొంగు విడిపోయింది. పోలీసును దాటింది, ఇన్‌స్పెక్టరును దాటింది, మొగుడి పక్కన కూడా ఆగలేదు. ఫినాయిలు బకెట్టు ఇవతల, భాగీరథమ్మ ఎదురుగా పోయి నిలబడింది. ఆ గడపకు అంత దగ్గరగా ఆమె రావడం ఇన్నేళ్లలో అదే మొదలు.

"ఆయనకు తెలీదు భాగీరథీ. ఆయన ఏదో ఒకటి చెప్పమనె, అంతే" అంది. ఆగి, మళ్లీ అందుకుంది. ఈసారి వీధి చివర నిలబడ్డ జయమ్మకు కూడా వినిపించింది. "మొసలే చెబుదామని కొళాయి కాడికి పోయినా. నోరు తెరిస్తే నీ ఇల్లే వచ్చె. నీ ఇడ్లీలు ఆయన మెచ్చుకునేది వినీ వినీ... కాగు పేరు పెట్టుకున్నా గాని కాగు కోసరం చెప్పలేదమ్మా నేను. నీ పొయ్యి ఆరిపోవాలనే చెప్పినా. తప్పు ఆయనది కాదు, కాగుది కాదు. తప్పు నాది."